దొడ్డి గోడ రాళ్ళతో కట్టిన మడి

మమొహోలికి తుంటినొప్పి. వంగితే లేవలేదు. అందుకే కూరమడి నడుమెత్తున కట్టుకోవాలనుకుంది. మా లెసోతో కొండల్లో అలాగే కడతాం. గుండ్రంగా రాళ్ళగోడ, నట్టనడుమ పుల్లలతో అల్లిన గంప, గంప దాకా నడవడానికి ఒకపక్క సందు. వంటింటి తొక్కలు, బూడిద, అంట్లు కడిగిన నీళ్ళు అన్నీ గంపలో పోస్తే చుట్టూ మట్టికి బలం దిగుతుంది.

మొగుడు పోయాడు. ఇద్దరు మనవరాళ్ళు ఆమె దగ్గరే. పోయిన చలికాలం కూర లేక ముగ్గురూ ఉత్త సంకటి మింగారు. ఈ ఏడు అలా కానివ్వనని పంతం పట్టింది.

రాళ్ళు కొండమీంచి మోసే ఓపిక ఆమెకీ లేదు, పక్కింటి దాన్ని నాకూ లేదు. ఇంటి ముందే మొగుడు కట్టిన ఆవుల దొడ్డి ఉంది. ఆవుల్ని దొంగలు తోలుకుపోయి నాలుగేళ్ళు. అయినా మాలో ఆడది దొడ్డిలో కాలు పెట్టకూడదు. ఆమె పెట్టలేదు. బయటే నిలబడి పైవరస రాళ్ళు ఒక్కోటీ లాగింది, నేను తోపుడుబండిలో వేసి మడి దాకా తోశాను. నిజం చెప్పొద్దూ, నేను మాటిమాటికీ దారికేసి చూశాను. ఆమె చూడలేదు.

మడిలో ఆకు పచ్చబడేసరికి మరిది సెఖోబె వచ్చాడు. అన్న గోడ కూల్చావు, రాళ్ళు తిరిగి పెట్టాల్సిందే అని గొడవ. వినకపోతే ఊరిపెద్దని గుర్రం మీద వెంటబెట్టుకొచ్చాడు.

పెద్దాయన గుర్రం దిగి, దొడ్డి లోపలికి వెళ్ళావా అమ్మా అని అడిగాడు.

"మీరే చూడండయ్యా. నా అడుగు ఒక్కటి కనబడినా మడి కూలగొట్టేయండి."

ఆయన గోడ మీంచి తొంగిచూశాడు. లోపల నలగని కలుపు మొక్కలే.

"అడుగుల సంగతి కాదు వదినా," అన్నాడు సెఖోబె. "రేపు ఆవులొస్తే ఎక్కడ కట్టాలి?"

"ఆవులు పోయిన రోజు కాపలా ఎవరిదయ్యా? నీది కాదూ? బీరు కుండ పక్కన పడుకున్నదెవరు?"

సెఖోబె భుజాల మీద కప్పుకున్న దుప్పటి సర్దుకున్నాడు.

"తోలుకురా ఆవుల్ని. మొదటి ఆవు మొహం కనబడిన పొద్దున ఈ తుంటితోనే రాళ్ళు మోసి గోడ కడతా. అందాకా నా పిల్లల కూరలో చెయ్యి పెట్టకు."

ఆవులొచ్చాకే రాళ్ళు వెనక్కి, అన్నాడు పెద్దాయన. గుర్రమెక్కబోతూ, ఆకు లేతగా ఉంది, ఒక కట్ట కోసివ్వమ్మా అని అడిగాడు. రెండు కట్టలిచ్చింది.

ఆ చలికాలం మంచు పడ్డా వాళ్ళ సంకటి పక్కన కూర ఉంది. వసంతం రాగానే మమొహోలి ఇంకో మడి మొదలెట్టింది, ఇంకో వరస రాళ్ళు లాగి. సెఖోబె దారిన పోతూ చూశాడు.

ఆమె రాయి చేతిలో పట్టుకునే పలకరించింది. "ఏం మరిదీ, ఆవులెక్కడిదాకా వచ్చాయి?"