మినప చేలో స్టాచ్యూ

ఈ రోజు పొద్దున మా ఆవిడనీ, ఆరేళ్ల పాపనీ తీసుకుని బందరు నుంచి దివిసీమ వెళ్లాను. ఊరందరి పెళ్లిళ్లకీ ఫొటోలు తీస్తాను గానీ సొంత పిల్లకి ఒక్క మంచి ఫొటో లేదని ఇంట్లో సాధింపు.

మినుము పీకి కుప్పలు వేసిన చేలో, ఒక కుప్పకి ఆనించి పాపని కూర్చోబెట్టి ఫొటో తీశాను. కళ్లు ఫోకస్ అయ్యాయో లేదోనని కెమెరా తెర మీద పెద్దది చేసి చూస్తే, పాప మోచేతి పక్కన కుప్పలోంచి పాము తల కనిపించింది.

తలెత్తాను. అది ఇంకా అక్కడే ఉంది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది.

"అమ్మలూ, స్టాచ్యూ!" అన్నాను, ఇంట్లో ఆడుకునేటప్పటిలాగే.

పాప బిగుసుకుపోయింది. పాము మెల్లగా బయటికొచ్చింది.

"ఇంకా ఎంతసేపు నాన్నా?" పెదవులు కదలకుండా అడిగింది.

"కొంచెమే అమ్మా. కదిలితే ఓడిపోతావు."

పాము పాప చెప్పుల పక్కనుంచి పాకి గట్టు దాటిపోయింది. పరుగెత్తి వెళ్లి పాపని ఎత్తుకున్నాను. పాము తోక చూసిన మా ఆవిడ గట్టు మీదే కూలబడింది.

"గెలిచానా నాన్నా?"

తలూపాను.

సాయంత్రం ఇంటికొచ్చి కెమెరాలో మళ్లీ చూశాను. ఆ ఫొటోలో పాప నవ్వు ఎంత బాగుందో! మా ఆవిడ మాత్రం తీసేయమంటోంది. మీరైతే ఉంచుకుంటారా అండీ?