ఎమ్మెల్యే గారికి రాసిన అర్జీతో దమ్మామ్ దాకా

రియాద్‌లో ఏసీలు బాగుచేసుకునే నాకు దమ్మామ్‌లో పనేమీ లేదు. పోయిన శుక్రవారం వెళ్ళింది మస్తానమ్మత్త కోసం. సొంత అత్త కాదు. రెండు నెలల కిందట ఒక ఇంట్లో ఏసీ విప్పుతూ "అబ్బ, ఎంత దుమ్ముందిరా సామీ" అని గొణుక్కుంటే, వంటింట్లోంచి "కడప పక్కనా నాయనా?" అని గొంతు వినబడింది. చూస్తే మా పక్క మండలమే. ఆ ఇంట్లోనే పనిచేస్తోంది. ఊరికి పోతానని అడిగినప్పుడల్లా కఫీలు, అంటే ఆమెను పనికి తెచ్చుకున్న యజమాని, "బుక్రా" అంటాడట. బుక్రా అంటే రేపు. ఆయన తల్లి మంచాన ఉంది, ఈమె పోతే ఎత్తి కూర్చోబెట్టే మనిషి లేదు. మనవరాలు పుట్టి బడికి పోతున్నా, ఈమె ఆ పిల్లను ఫోన్లో తప్ప చూడలేదు.

మా నాయకుడు దమ్మామ్‌లో తెలుగువాళ్ళ సభకు వస్తున్నాడని, ఆ ఇంటికి మళ్ళీ ఏసీ పనికి పోయినప్పుడు చెప్పగానే అత్త నోటుపుస్తకంలోంచి కాగితం చింపి అర్జీ రాసిచ్చింది. ఆయన మా ఊళ్ళకు కొత్త కాదు. సర్పంచిగా మొదలై, రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. ఆ రోజుల్లో పొద్దున్నే వసారాలో కుర్చీ వేసుకుని ప్రతి అర్జీ పైకి చదివేవాడు. ఇప్పుడు ఎంపీ, అదీ రెండోసారి. ఢిల్లీకి పోయాక ఆ వసారా తలుపు తీయగా నేను చూడలేదు. ఆ పొద్దుటి పూటలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అవుతుంది.

పొద్దున ఆరున్నర ప్రాంతంలో రియాద్ స్టేషన్లో రైలెక్కాను. నాలుగు గంటల ప్రయాణం, టికెట్టు నూట చిల్లర రియాళ్ళు. ఎడమవైపు కిటికీ దొరికినా చూడటానికి ఇసుకే. హుఫూఫ్ దగ్గర ఖర్జూరపు తోటలు వచ్చాక ప్రాణం లేచొచ్చింది. అక్కడే అర్జీ విప్పి చదివాను. "గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి" అని మొదలుపెట్టింది. ఓరి దేవుడా అనుకుని పెన్ను తీశాను. కానీ ఒత్తి ఒత్తి రాసిన ఆ గుండ్రటి అక్షరాల మధ్య నా కోడిగీతలు పెట్టబుద్ధి కాలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను.

దమ్మామ్ స్టేషన్ బయట టాక్సీ అతను నా ఫోన్ మాటలు విని తెలుగులోకి దిగాడు. నిజామాబాద్ మనిషి. సభ జరిగే హాలుకు పాతిక రియాళ్ళకు ఒప్పుకున్నాడు.

"మీ లీడర్ వచ్చిండా అన్నా? ఫోటోలు దిగుతడు, బిర్యానీ తింటడు, పోతడు."

"మావాడు అట్లాంటోడు కాదులే."

"అందరు గట్లనే అంటరు," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

జుమా నమాజు అయ్యాక రెండింటికి సభ మొదలైంది. దండలు, శాలువాలు, ఫోటోలు. వేదిక పక్కన పీఏ నిలబడి కాగితాలు తీసుకుంటున్నాడు. నాది చూసి పెదవి విరిచాడు. "అడ్రసే తప్పండీ. ఎమ్మెల్యేకి రాసింది ఎంపీ గారికి ఎలా ఇవ్వమంటారు? మళ్ళీ రాయించుకుని రండి."

నాలుగు గంటలు రైలెక్కి వచ్చిన మనిషికి ఆ మాట ఎట్లా ఉంటుందో మీరే చెప్పండి. "ఎమ్మెల్యే సార్!" అని అరిచేశాను. హాలంతా నావైపు తిరిగింది. ఆయనా తిరిగాడు.

"ఎవురబ్బీ అది? ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందిరా!" అంటూ నవ్వుతూ కాగితం అందుకున్నాడు. పాత అలవాటే, పైకి చదవబోయాడు. మొదటి వరుస దగ్గరే ఆగిపోయాడు.

"ఈయమ్మ ఈడికి ఎప్పుడొచ్చింది?"

"ఏడేళ్ళయింది సార్."

"నడుమ ఊరికి పోలేదా?"

"లేదు సార్. వారానికి పది నిమిషాలు ఫోనిస్తారు, అంతే."

"అంటే నేను ఎంపీ అయిన సంగతే ఈయమ్మకు తెలీదు," అని కుర్చీలో కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. రైల్లో దాన్ని తప్పనుకున్నాను గానీ, అది ఆమె ఇల్లు వదిలిన నాటి మాటని నాకు తట్టనే లేదు.

పీఏ ఆ మాట కొట్టేసి దిద్దబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టెయ్యొద్దు. అట్లే ఎంబసీకి పంపించు. ఎన్నేళ్ళయిందో ఆ మాటే చెప్తాది." నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఎమ్మెల్యేగా ఉన్నెప్పుడు ఒక్క ఫోన్ చేస్తే పనయిపోయేది నాయనా. ఇప్పుడు లెటర్లు రాయడం, జవాబు కోసం చూడటం. ఈ పని అవుతాదని నేను ఒట్టెయ్యలేను. విడిచిపెట్టను, అది మాత్రం చెప్తాండా." అక్కడే కూర్చుని తన చేత్తో ఇంగ్లీషులో ఉత్తరం రాసిచ్చాడు.

మనిషి పెద్దవాడయ్యే కొద్దీ మనకు దగ్గరవుతాడనుకుంటాం. పై మెట్టు ఎక్కినవాడికి కింద వసారా కనబడదు, అది ఆయన తప్పే కాదేమో. ఆ వసారా కుర్చీ మీద నాకు బెంగ ఉన్నట్టే ఆయనకూ ఉందని ఆ రోజు తెలిసింది. ఇది రాసేనాటికి ఎంబసీ నుంచి కఫీలుకు ఒక ఫోన్ వెళ్ళింది, అంతవరకే. మీరెవరైనా ఇట్లా అర్జీతో వెళ్తుంటే, దాని మీద ఇఖామా అనే ఇక్కడి నివాస కార్డు నంబరు, పాస్‌పోర్టు నంబరు, కఫీలు ఫోన్ నంబరు తప్పక రాయించండి. మేము రాయలేదు, అక్కడ వెతుక్కోవడానికి అరగంట పోయింది.

సాయంత్రం ఐదింటి రైల్లో ఉండగా అత్త తన పది నిమిషాల్లోంచి నాకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పాను, ఆయన ఇప్పుడు ఎంపీ అని కూడా.

"అట్లయితే మనకిప్పుడు ఎమ్మెల్యే ఎవురు నాయనా?"

పేరు నాకు తెలుసు. చెప్పబుద్ధి కాలేదు.

"నువ్వే పోయి చూసుకో అత్తా," అన్నాను.

"పోతానంటావా?" అంది.