నాకన్నీ వినపడుతున్నాయి

ఆత్మకూరు దగ్గర మా ఊళ్లో ఒక మధ్యాహ్నం, బర్రెకు మేత వేద్దామని వామిలోంచి వేరుశనగ కట్టె లాగుతుంటే నా చేతిమీద నాగుపాము కాటేసింది. ఆత్మకూరు ఆసుపత్రిలో విషానికి విరుగుడు మందు ఎక్కించి అంబులెన్సులో కర్నూలుకు పంపారు. దారిలోనే రెప్పలు వాలిపోయాయి, నాలుక మొద్దుబారింది, ఊపిరి అందలేదు. గొంతులోకి గొట్టం దింపుతుంటే తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత కన్ను తెరవలేను, వేలు కదపలేను. మిషనే నాకు ఊపిరి పోస్తోంది. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి.

ఆ సంగతి ఎవరికీ తెలియదు. చెప్పకుండా చెయ్యి ఎత్తేవారు, సూది గుచ్చేవారు. తర్వాత ఏం చేస్తారోనని లోపల వణికిపోయేదాన్ని. పైకి ఆ వణుకు కూడా కనిపించేది కాదు.

ఒక్క నర్సు మాత్రం డ్యూటీకి రాగానే నా భుజం మీద చెయ్యి వేసి తన పేరు చెప్పేది. "అక్కా, నువ్వు కర్నూలు ఆసుపత్రిలో ఉండావు. మందు పనిచేస్తాంది. మధ్యాహ్నం రెండు దాకా నేను ఈడనే ఉంటా" అనేది. గొట్టంలో కఫం తీసే ముందు, "ఇప్పుడు శానా ఉక్కిరిబిక్కిరి అయితాది. పది లెక్కపెట్టేలోగా అయిపోతాది" అని పైకే లెక్కపెట్టేది. ఏడు అనేసరికే కఫం తీయడం ముగించేది. ఆమె వెళ్లిపోయే వేళ అవుతుంటే నాకు గుండె దడ మొదలయ్యేది.

మూడోరోజు పొద్దున మా ఆయన అన్న, మా బావ, మంచం పక్కనే నిలబడి అన్నాడు: "ఇంగేం మిగల్లేదు రా. మిషను తీసేయమని చెప్పి ఇంటికి తీసుకపోదాం."

మా ఆయన ఏడుస్తున్నాడు గానీ వద్దనలేదు. సంతకం పెట్టేస్తాడేమో! అరిచాను. ఆ అరుపు నా తలలోనే ఉండిపోయింది.

"ఆమెకు వినపడతాదన్నా. ఈడ అట్ల మాట్లాడొద్దండి" అంది నర్సు.

"వినపడేదేంది మ్మా, శవం మాదిరి పడుంటే!"

నర్సు నా కాళ్ల మీది దుప్పటి తీసింది. "అక్కా, వినపడతాంటే కాలి బొటనవేలు కదిలించు."

ఉన్న బలమంతా పెట్టాను. ఏమీ కాలేదు. బావ నిట్టూర్చాడు.

"తొందరేం లేదక్కా. నేను యాడికీ పోను. మళ్లా చూడు."

"కదిలింది!" మా ఆయన కేక పెట్టాడు.

రెండు రోజులకు రెప్పలు లేచాయి, గొట్టం తీసేశారు. అప్పుడు చూశాను ఆమెను. ఇరవై రెండేళ్లుంటాయేమో. పలకని మనిషితో అన్ని మాటలెందుకు చెప్పావమ్మా అని అడిగాను.

"మా చదువులో మొదట నేర్పేది అదే అక్కా. పేషెంటు పలికినా పలకకపోయినా, నమ్మకం మనమే మొదలుపెట్టాల అని. పరీక్షలో బాగానే రాసినా. నీ మంచం కాడ మాత్రం శానా భయమేసింది. ఆ వేలు కదలకపోయింటే నిన్ను తీసుకపోయేవాళ్లు గదా."

ఇల్లు చేరాక బావ చూడ్డానికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను, కూర్చున్నాడు. "ఎట్లుండావు మ్మా?" అని అడిగాడు. ఆ గొంతు వినగానే నా చేతులు చల్లబడ్డాయి. ఇప్పటికీ చల్లబడతాయి.