‘లేదు’ అన్న జవాబు

నిజం చెప్పినందుకు ఈ జైలులో ఒక రోగికి శిక్ష పడింది. అతడు దర్జీ, విచారణ మొదలుకాకుండానే మూడేళ్లుగా లోపల ఉన్నాడు. ఖైదీల మనోవ్యాధులపై పరిశోధన చేసేవారు నిరుడు వచ్చి, ఎవరూ లేనప్పుడు మాటలు వినబడతాయా అని అడిగితే, అన్నం తినొద్దని గోడలోంచి ఒక గొంతు చెబుతోందని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. మందులు రాలేదు, జైలువాళ్లు ఇరవై రోజులు ఒంటరి గదిలో పెట్టారు. అప్పటినుంచి మెతుకు ముట్టబోయే ముందు గోడకు చెవి ఒగ్గుతాడు. తన లాగు నడుమును తానే నాలుగుసార్లు లోపలికి మడిచి కుట్టుకున్నాడు.

నిన్న వాళ్లలోని ఒక పరిశోధకురాలు మళ్లీ వచ్చింది. వెనక నిలబడ్డ వార్డరు, "ఏం దర్జీ, ఈసారైనా నోటికి గుండీ పెట్టుకుంటావా?" అని నవ్వాడు. ఆమె అదే ప్రశ్న అడిగింది.

"లేదమ్మా, హాయిగా ఉన్నాను," అన్నాడు దర్జీ, గోడవైపు తల తిరగకుండా బల్ల అంచును రెండు చేతులా బిగించి పట్టుకుని.

"మరి ఇంత చిక్కిపోయావేం, అన్నా?"

"పనెక్కువమ్మా."

ఆమె తన ప్రశ్నల కాగితంలో ‘లేదు’ గడిలో గీత పెట్టింది. ఇవాళ కూడా అతని పళ్లెం నిండుగానే తిరిగి వెళ్లింది.

ఇలాంటి ‘లేదు’లను లెక్కపెట్టి జైల్లో జబ్బు తగ్గిందని ప్రకటించబోతున్న అధికారులారా, ఈ పూటే వైద్యుణ్ణి పంపండి. ఆ ప్రశ్న ఇంకొకరిని అడగకముందే, నిజం చెప్పినవాణ్ణి ఒంటరి గదిలో వేయబోమని సంతకం చేసి ఇవ్వండి.