ఇరవై నాలుగు గంటల క్యాను

ఈ ప్రయాణం గురించి రాయకూడదనే అనుకున్నాను. కాశీకి పోయి వచ్చాక రాశాను, అరకు పోయి వచ్చాక రాశాను. రెండు గంటల రైలు దూరంలో ఉన్న నారాయణగూడ గురించి రాయడానికి ఏముంటుంది? ఉంది. కిడ్నీ రోగిని వెంటబెట్టుకుని మీలో ఎవరైనా అటు వెళితే, నేను చేసిన పని చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

నేను జడ్చర్లలో లెక్కల మాస్టర్ని. మా బామ్మర్ది శ్రీశైలం సెంట్రింగ్ మేస్త్రి, స్లాబు పోసే ముందు కర్రలూ చెక్కలూ కట్టించే పని. నలభై రెండేళ్లకే వాడి కిడ్నీలు రెండూ మెల్లమెల్లగా చెడిపోతున్నాయని మూడేళ్ల కింద తేలింది. డయాలిసిస్ దాకా ఇంకా రాలేదు. వస్తే వారానికి రెండు మూడు సార్లు మిషను పక్కన పడుకోవాల్సిందే, స్లాబు ఎక్కే పని ఇక ఉండదు. ఆ రోజును వీలైనంత వెనక్కి నెట్టగలదేమో అనుకుంటున్న కొత్త మందు మీద నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోందనీ, పరీక్షల్లో సరిపోతే చేర్చుకుంటారనీ వాణ్ని చూసే డాక్టరు చీటీ రాసిచ్చాడు. నా భార్య ఆ చీటీని నా జేబులో తనే పెట్టి, "ఎట్లనన్న జేసి మా తమ్మున్ని అండ్ల చేర్పిచ్చి రా" అంది.

సోమవారం ఉదయం ఆరు నలభైకి రావలసిన బండి ఏడింటికి వచ్చింది. జనరల్ పెట్టెలో కిటికీ పక్కన ఇద్దరికీ చోటు దొరికింది. ఎదురుగా ఒక అక్క కూర్చుంది. అంబర్‌పేట్ బస్తీలో కిరాయికి ఉంటూ కూలి పనికి పోతుందట, ఊళ్లో పెళ్లి చూసుకుని తిరిగి వెళుతోంది. శ్రీశైలం మొహం చూసి, "ఏమైంది అన్నకు, మొఖం గట్ల ఉబ్బింది?" అని అడిగింది. చెప్పాను. అయ్యో అని బుగ్గలు నొక్కుకుంది.

"కొబ్బరి నీళ్లు తాపు సారూ. మస్తు చలువ. మూత్రం సాఫ్ అయితది."

కొత్త మాటేం కాదు. జ్వరమొచ్చినా, పురుడైనా, ఆసుపత్రిలో ఎవరిని పలకరించబోయినా మనం కొబ్బరి బోండాలు పట్టుకునే పోతాం కదా. నేను తలూపాను.

తొమ్మిదింబావుకు కాచిగూడలో దిగాం. స్టేషను బయట ఇడ్లీ తిని ఆటో ఎక్కితే నారాయణగూడ పది నిమిషాలు. ఫ్లైఓవరు దాటాక సందులో ఆసుపత్రి. పరిశోధన వాళ్లకు వెనకవైపు వేరే గదులున్నాయి. వెళ్లేవాళ్లు ముందు గేటు దగ్గర లైన్లో నిలబడి టైం పోగొట్టుకోకండి.

అక్కడి డాక్టరమ్మకు ముప్ఫై కూడా ఉండవేమో. చేరేవాళ్లలో సగం మందికి కొత్త మందు, సగం మందికి చూడడానికి అలాగే ఉండే ఉత్త గోళీ ఇస్తారట. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, ఆమెకూ తెలియదట.

"లాటరీ అన్నట్టు, మేడం?" అన్నాడు శ్రీశైలం.

నాకు మాత్రం ఒళ్లు మండింది. "కిడ్నీలు పోతున్న మనిషికి ఉత్త గోళీ ఇస్తరా? ఇదేం వైద్యం మేడం?"

"ఇప్పుడు వాడే మందులు అందరికీ నడుస్తనే ఉంటయి సార్. వాటి మీద ఇది అదనం. ఇట్ల చూస్తెనే కొత్త మందు నిజంగ పనిజేస్తదా లేదా తెలుస్తది" అంది ఆమె, విసుక్కోకుండా.

తర్వాత సిస్టరు ఒక తెల్ల ప్లాస్టిక్ క్యాను తెచ్చి చేతిలో పెట్టింది. ఐదు లీటర్లది. "ఇప్పుడొకసారి పోయి రాండ్రి, అది లెక్కలకు రాదు. ఇగ రేపు పదిన్నర దాంక వచ్చిందంత ఈ క్యాన్లనే పట్టాలె. ఒక్క చుక్క బయట పోవద్దు. రేపు రక్తం తీస్తం. రోజు ఏం తింటరో, ఎంత తాగుతరో గంతే. అంతా ఈ కాగితంల ఉన్నది, సదువుకోండ్రి."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ప్రశ్నపత్రం రెండుసార్లు చదవండిరా అని ప్రతి ఏడూ పదో తరగతి పిల్లల ముందు గొంతు చించుకునే మనిషిని నేను.

చిక్కడపల్లిలో లాడ్జి దొరికింది. రెండో అంతస్తు, లిఫ్టు లేదు, గదులు శుభ్రం, వేడినీళ్లు ఎనిమిదింటి వరకే. మధ్యాహ్నం ఒంటిగంటకు క్యాను ఎత్తి చూశాను. అడుగున నాలుగు వేళ్ల మందం కూడా లేదు! నా ప్రాణం ఉసూరుమంది. ఐదు లీటర్ల క్యాను ఇచ్చారంటే ఎంత రావాలని వాళ్ల ఉద్దేశం? ఇంత తక్కువ తెచ్చినవాణ్ని ఎవరు చేర్చుకుంటారు? ముప్ఫై ఏళ్లుగా అత్తెసరు పిల్లల్ని ఎలాగోలా గట్టెక్కిస్తున్నవాణ్ణి. నా బామ్మర్దిని ఫెయిల్ కానిస్తానా?

సందు మలుపులో బోండాల బండి ఉంది. రెండు కొట్టించి పైకి తెచ్చాను.

"వద్దు బావా. దినానికి లీటరే తాగమన్నరు గదా" అన్నాడు శ్రీశైలం.

"అవి నీళ్లు. ఇవి కొబ్బరి నీళ్లు. తాగు" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. వాడు మారు మాట్లాడకుండా తాగాడు. బావ మాస్టరు, బావకు తెలుసు అని వాడి నమ్మకం.

సాయంత్రం ఐదింటికి క్యాను గదిలో పెట్టి, పాత రిపోర్టులు జిరాక్సు తీయించడానికి నడుచుకుంటూ అశోక్ నగర్ పోయాం. అక్కడ ప్రతి రెండో కొట్టూ జిరాక్సు కొట్టే, ప్రతి మూడోది పుస్తకాల కొట్టు. టీ బండ్ల చుట్టూ నోట్సులు పట్టుకుని నిలబడ్డ, సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదివే హాస్టలు పిల్లలే. జిరాక్సు కొట్టాయన మా కాగితాల కట్ట చూసి, "గ్రూప్సా అన్నా, ఎస్సై పోస్టా?" అన్నాడు.

"కిడ్నీ పోస్టన్నా. రెండు సీట్లు, రెండు ఖాళీనే" అన్నాడు మావాడు. ముగ్గురం పగలబడి నవ్వాం. నా బామ్మర్ది నోరు అలాంటిది. తిరిగి వస్తూ ఇంకో రెండు బోండాలు తాగించాను. పడుకునే ముందు తాగడానికి మరో రెండు సీసాలో పోయించుకున్నాను.

మంగళవారం పొద్దున లేచేసరికి క్యాను సగం దాటింది. నాకెంత సంతోషమో! ఆ హుషారులో ఏడో బోండం కూడా తెచ్చిచ్చాను. శ్రీశైలం మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, కాళ్లు లేస్తలేవు. గుండె దడదడ అంటుంది."

"పొద్దంత స్లాబుల మీద దుంకుతవు, రెండు అంతస్తులు దిగనీకి ఇంత నాటకమా? నడువు" అని ఆటపట్టించాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. ఆటోలో ఏం మాట్లాడలేదు. ఏ ప్రయాణంలోనూ నోరు మూసుకోని మనిషి అలా ఉన్నా నాకు అనుమానం రాలేదు, చూడండి!

పదిన్నరకు క్యాను సిస్టరు టేబుల్ మీద పెట్టి, "చూసిండ్రా సిస్టర్, ఎంత వచ్చిందో" అన్నాను గర్వంగా. ఆమె క్యాను వైపు చూడలేదు. కుర్చీలో జారిపోతున్న శ్రీశైలాన్ని చూసి, "మేడం!" అని కేకేసింది.

ఛాతీ మీద వైర్లు అంటించి గుండె పరీక్ష తీశారు. ఆ కాగితం చూస్తూనే డాక్టరమ్మ మొహం తెల్లబడింది. నరానికి ఇంజెక్షను మొదలుపెట్టించి, రక్తం ల్యాబుకు పంపి నా వైపు తిరిగింది.

"నిన్నటి నుంచి ఏం తాగిండు?"

"కొబ్బరి నీళ్లు మేడం. క్యాను నిండాలె గదా అని."

"ఎన్ని?"

"ఏడు."

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "కొబ్బరి నీళ్లల్ల పొటాషియం ఎక్కువ సార్. మన కిడ్నీలైతే ఎక్కువైంది బయటికి పంపిస్తయి. ఆయనవి పంపలేవు. రక్తంల పేరుకుంటే గుండె ఆగిపోతది."

పావుగంటలో ల్యాబు నుంచి ఫోను. పొటాషియం ఐదు దాటితేనే జాగ్రత్త పడాలట, వాడిది ఏడు దాటింది. స్ట్రెచరు పరుగెత్తింది. మెడ దగ్గర గొట్టం వేసి డయాలిసిస్ పెడుతున్నాం, సంతకం చెయ్యండి అన్నారు. ఏ డయాలిసిస్ తప్పించడానికి రైలెక్కి వచ్చామో దానికే సంతకం పెట్టాను.

బయట బల్ల మీద కూర్చున్నాక జేబులో కాగితం గుర్తొచ్చింది. విప్పాను. పెద్ద పెద్ద అక్షరాలు, చక్కటి తెలుగు. మూడో లైను: కొబ్బరి నీళ్లు, పళ్ల రసాలు తాగరాదు. కింద ఇంకొకటి: మూత్రం ఎక్కువ రావాలని ఎక్కువ తాగవద్దు, ఎంత వస్తే అంతే తెండి. ఓరి దేవుడా! నాలాంటివాళ్లు ఉంటారని వాళ్లకు ముందే తెలుసు, నాకే తెలియలేదు. అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాను.

నాలుగు గంటల తర్వాత లోపలికి పంపారు. శ్రీశైలం కళ్లు తెరిచి, "ఏం బావా, పాసయిన్నా?" అన్నాడు. నేను వాడి పాదం పట్టుకుని నిలబడ్డాను.

బుధవారమంతా అక్కడే. గురువారం ఉదయం గొట్టం తీసేశారు. కిడ్నీలు ఇంకా కొంత పని చేస్తున్నాయనీ, పథ్యం గట్టిగా పాటిస్తే కొన్నాళ్లు డయాలిసిస్ లేకుండా నెట్టుకురావచ్చేమో చూద్దామనీ చెప్పారు. పరిశోధన సంగతి అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఒక్కసారైనా డయాలిసిస్ అయినవాళ్లను అందులోకి తీసుకోరు.

"అది నా తప్పు మేడం, ఆయనది కాదు. నేను రాసిస్త."

"తప్పు ఎవరిదో రాసేతందుకు ఫారంల జాగా లేదు సార్" అంది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది.

మధ్యాహ్నం రెండు నలభై బండికి కాచిగూడలో ఎక్కాం. నారాయణగూడలో నన్ను మోసం చేసినవాళ్లు లేరు, కసిరినవాళ్లు లేరు. చెప్పవలసింది చెప్పారు, రాసి చేతిలో పెట్టారు. చదువుకున్నవాణ్ణన్న పొగరుతో పోయింది నేను. మీరు వెళితే వాళ్లిచ్చిన కాగితం అక్కడే నిలబడి చదవండి. ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

షాద్‌నగర్ దాటాక నా భార్య ఫోను. తనకు ఇంతవరకు, "పరీక్షలు ఎక్కువున్నయి, రెండు రోజులు ఆలస్యమైతది" అని మాత్రమే చెప్పి ఉంచాను. ఫోను నా చేతిలో మోగుతూనే ఉంది. శ్రీశైలం గుంజుకుని ఎత్తాడు.

"ఆ అక్కా, వస్తున్నం. లేదే, దొరకలే. మేం పోయేసరికే పేర్లు నిండిపోయినయంట. బావ మస్తు కొట్లాడిండు."

మెడ మీద తెల్ల పట్టీ, మొహం పీక్కుపోయి ఉంది, అయినా నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేను వాడి చేతిలోంచి ఫోను తీసుకున్నాను. సోమవారం మధ్యాహ్నం నుంచి ఏం జరిగిందో, ఒక్కటీ దాచకుండా చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"మరి పొద్దుమూకి వానికి ఏం పెట్టాలె?" అంది.

ఆసుపత్రిలో పథ్యం గురించి చెప్పినామె నేర్పినదంతా చెప్పడం మొదలుపెట్టాను. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోయాలి. టమాట వద్దు, ఆలుగడ్డ వద్దు, అరటిపండు వద్దు.

"మెల్లగ చెప్పు" అంది. "రాసుకుంటున్న."