డీజిల్ మెకానిక్ మేడం

మా మేడం పోయారని బుధవారం పొద్దున బందరు నుంచి ఫోనొచ్చింది. అప్పటికి నేను గుడివాడలో పనిచేసే బట్టల షాపులో చీరలు మడతపెడుతున్నాను. ఐటీఐలో మాకు డీజిల్ మెకానిక్ ట్రేడు నేర్పింది ఆవిడే.

మాది బందరు రేవు పక్కనున్న గిలకలదిండి. టెన్త్ అయ్యాక అమ్మతోపాటు చేపల గంప ఎత్తవలసినదాన్ని. మేడం మూడుసార్లు ఇంటికొచ్చి నాన్నను ఒప్పించారు. "బోటు ఆగిపోతే బాగుచేసేది మీ అమ్మాయి ఎందుక్కాకూడదండీ?" అన్నారు. ఆ ఏడు ముగ్గురు ఆడపిల్లలం చేరాం.

చీర మీద ఖాకీ కోటు వేసుకుని, గాజులు తీసి కోటు జేబులో వేసుకున్నాకే ఆవిడ పాఠం మొదలయ్యేది. మేం నట్టుతో కుస్తీ పడుతుంటే స్పానరు లాక్కునేవారు కాదు. "బలం కాదమ్మా, పట్టు కుదరాలి" అంటూ పక్కన నిలబడేవారు.

పాసయ్యాక మమ్మల్ని రేవులోని ఇంజన్ల షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ ఒక బోటు ఇంజను ఎంతకీ స్టార్టవడం లేదు. "మా పిల్లని చూడనివ్వండి" అన్నారు మేడం. డీజిల్ పైపులో గాలి పట్టిందని తేలింది. నట్టు వదులుచేసి గాలి తీశాను. ఇంజను అందుకుంది. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

"బాగా చేశావమ్మా" అన్నాడు షెడ్డు ఓనరు. తర్వాత మేడంతో, "పనొచ్చండీ, కాదనను. ఇంతమంది మగాళ్ల మధ్య ఆడపిల్లని ఎలా పెట్టుకోనండీ? ఇక్కడ బాత్రూం కూడా లేదు" అన్నాడు. ఉయ్యూరులో ట్రాక్టర్ల షెడ్డులోనూ అదే మాట. ఎక్కడికెళ్లినా అదే. ఆ తర్వాతి ఏడు ట్రేడులో ఒక్క ఆడపిల్లా చేరలేదు. మేడం కూడా ఎవరింటికీ వెళ్లలేదు. "మిమ్మల్ని చూపించి ఎవర్ని రమ్మనను?" అన్నారు.

కిందటి వేసవిలో మా షాపుకొచ్చారు. చీరలు పరుస్తుంటే నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశారు. మెత్తబడిపోయింది.

"నిన్ను అనవసరంగా ఆశపెట్టానేమోనమ్మా."

కాదనాలి. చెయ్యి వెనక్కి తీసుకుని చీర మడతపెట్టాను. ఇంతలో ఎవరో పిలిస్తే పక్క కౌంటరుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆవిడ లేరు.

పెద్దకర్మకు ముగ్గురం వెళ్లాం. మిగతా ఇద్దరిలో ఒకామె రొయ్యలు వలిచే షెడ్డులో చేస్తోంది, ఇంకొకామె ఇంట్లోనే ఉంటోంది. భోజనాలయ్యాక మేడం భర్త ఒక టూల్‌బాక్సు తెచ్చి మా ముందు తెరిచారు. స్పానర్లన్నీ నూనె రాసి, సైజుల వారీగా గుడ్డలో చుట్టి ఉన్నాయి.

"మీలో ఎవరికైనా పనికొస్తాయేమో, తీసుకోండమ్మా."

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరమూ చెయ్యి చాపలేదు. ఆయన మూత పట్టుకుని, మాకేసి చూస్తూ, చాలాసేపు అలాగే వంగి నిలబడ్డారు.