గుంతకల్లు సారు మా అమ్మకు అప్పగించిన పని

నా చిన్నప్పుడు ఆదోనిలో మా పేటంతా పత్తి మిల్లు సైరనుతోనే నిద్ర లేచేది. మా అమ్మ ఆ మిల్లులోనే కూలికి పోయేది. పత్తి నుంచి గింజలు వేరు చేసే యంత్రాలు అక్కడ వరసగా ఉండేవి. వాటి ముందు ఆడవాళ్లు నిలబడి చేతులతో పత్తిని లోపలికి అందించేవాళ్లు. సాయంత్రం అమ్మ ఇల్లు చేరేసరికి తలలోనే కాదు, కనుబొమల మీద కూడా తెల్లటి నూగు పట్టి ఉండేది. మా నాయన ఎమ్మిగనూరులో ఒకరి మగ్గం మీద నేసేవాడు. వారానికోసారి బస్సెక్కి వచ్చి మమ్మల్ని చూసి పోయేవాడు.

మా పేటకు రెండు వీధుల అవతల, ఒక ఉల్లిగడ్డల గోదాము మేడ మీద, ఊళ్లో నలుగురూ కలిసి నడుపుకునే సంగీత పాఠశాల ఉండేది. ఎవరి పిల్లలైనా పోవచ్చు. ప్రతి ఆదివారం గుంతకల్లు నుంచి ప్యాసింజరు బండిలో ఒక పెద్దాయన వచ్చి గిటారు నేర్పేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడి రైల్వే కాలనీలో కుర్రతనంలో నేర్చుకున్నారట. ఆయన్ని మేమంతా గుంతకల్లు సారు అనేవాళ్లం. సినిమా పాటలు అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఎడమ పాదం చిన్న పీట మీద పెట్టుకోవాలి. ఎడమచేతి వేళ్లతో తీగలను నొక్కిపట్టి, కుడిచేతి గోళ్లతో ఒక్కో తీగను విడివిడిగా మీటాలి. బొటనవేలు కింది స్వరాలను నడిపిస్తుంటే మిగతా వేళ్లు పైన ఇంకో పాట అల్లాలి. ఒక మనిషి చేతుల్లోంచి రెండు గొంతులు రావడం మొదటిసారి విన్నప్పుడు నాకు పదేళ్లుంటాయి. ఆ రోజు నుంచి ఆదివారం తప్ప నాకు వేరే వారం లేదు.

ఆ ఏడు దసరా సెలవుల్లో ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక అమ్మ వెంట మిల్లుకు పోయాను. మధ్యాహ్నం అమ్మ గింజల గంప ఎత్తడానికి పక్కకు తిరిగింది. అప్పుడే యంత్రం నోటి దగ్గర పత్తి ముద్ద ఒకటి అడ్డం పడింది. అమ్మ వెనక్కి చూడకుండానే, ఆ ముద్దను లోపలికి తొయ్యి పాపా అన్నది. నేను తోశాను.

నాకు నొప్పి జ్ఞాపకం లేదు. తెల్లటి పత్తి ఎర్రబడటం, అమ్మ అరుపు యంత్రాల రొదలో వినబడకపోవడం మాత్రం జ్ఞాపకం. నా ఎడమచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు మొదలంటా పోయాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక అమ్మ నన్ను ముట్టుకోవడం మానేసింది. కట్టు మార్చేది పక్కింటి అక్క. జడ వేసేదీ ఆమే. అమ్మ అన్నం కలిపి కంచం నా ముందు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేది. కట్టు విప్పే వేళకు చెంబు తీసుకుని బయటికి పోయేది. కొన్నాళ్లకు మళ్లీ అదే మిల్లుకు, అదే యంత్రం ముందుకు కూలికి పోవడం మొదలుపెట్టింది. పోక తప్పదు మరి. వచ్చేది, వండేది, పడుకునేది. నాయన వచ్చినప్పుడు కూడా ఇద్దరి మధ్యా మాట ఉండేది కాదు. అమ్మకు నా చెయ్యంటే అసహ్యం పుట్టిందని నేను అనుకున్నాను. అందుకే గాయం మానాక కూడా ఆ చెయ్యిని లంగా కుచ్చిళ్లలో దాచుకుని తిరిగేదాన్ని. గిటారు పేరు ఇంట్లో ఎవ్వరూ ఎత్తలేదు.

చాలా ఆదివారాలు నేను కనబడకపోయేసరికి, ఒకనాడు సారే దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. భుజాన దుప్పట్లో చుట్టిన గిటారు ఉంది. అమ్మ చాప పరచి, దాని చెయ్యి పోయింది సార్, ఇంక వాయించలేదు అని చెప్పి తలుపు దగ్గర నిలబడింది. ఆ సంగతి ముందే ఎవరో చెప్పినట్టుంది, సారు జాలి మాటలేవీ పలకలేదు. దుప్పటి విప్పారు. ఆ గిటారుకు తీగలన్నీ తారుమారుగా, కిందివి పైకి పైవి కిందికి బిగించి ఉన్నాయి. మెడ చివర తీగలు ఆనే చిన్న ఎముక ముక్కను కూడా ఊడదీసి, తిప్పి అతికించారు. నొక్కిపట్టడానికి నాలుగు వేళ్లు కావాలి, అవి నీ కుడిచేతికి ఉన్నాయి. మీటడానికి మూడుంటే పని జరుగుతుంది, అవి ఎడమచేతికి మిగిలాయి అని నాకు నెమ్మదిగా చెప్పారు. నేను కుచ్చిళ్లలోంచి చెయ్యి తియ్యలేదు. ఆయన బలవంతపెట్టలేదు.

అప్పుడు అమ్మ నోరు విప్పింది. అన్ని వారాల్లో నేను విన్న అసలు మాట అదే.

"నేనే తొయ్యమన్నా సార్. నా నోటితో నేనే సెప్పినా."

నీ తప్పు కాదమ్మా అని సారు కూడా అంటారని నేను ఎదురుచూశాను. పేటలో అందరూ అదే అన్నారు, ఆ మాట విన్నప్పుడల్లా అమ్మ ఇంకా ముడుచుకుపోయేది. ఆయన ఆ మాట అనలేదు. జేబులోంచి వడ్రంగులు వాడే గరుకు కాగితం ముక్క తీసి అమ్మకు అందించారు.

"ఈ సేతి గోళ్లు కొంచెం పెరగనీయల్ల తల్లీ. పెరిగినాక వారం వారం దీంతో నున్నగా అరగదీయల్ల. రవ్వంత గరుకున్నా తీగ కీసుమంటాది. అది పాపతో అయ్యే పని కాదు. నువ్వే సెయ్యల్ల."

అమ్మ తన వల్ల కాదన్నది. ఇప్పుడే ఒకసారి చూపిస్తాను రమ్మని సారు చాప మీద పక్కకు జరిగి చోటిచ్చారు. అమ్మ వచ్చి కూర్చుంది. నా చెయ్యి నేను ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. చాలాసేపటికి నా లంగా మడతల్లో వెతికి తనే చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. వేళ్లు పోయిన చోట చర్మం అప్పటికి ఎర్రగా, మెరుస్తూ, లేతగా ఉంది. దాన్ని అమ్మ చూడటం అదే మొదలు. సారు ఏమీ పట్టనట్టు, గోటిని ఏ వంపున రుద్దాలో, ఎక్కడ ఆపాలో చెప్పుకుపోయారు. బొటనవేలు అయ్యింది. చూపుడువేలు అయ్యింది. మధ్యవేలి దగ్గరికొచ్చేసరికి దాని పక్కనున్న ఖాళీ మీద అమ్మ బొటనవేలు ఆగిపోయింది.

"నొస్తాందా?" అన్నది.

లేదన్నాను. నిజానికి నొస్తూనే ఉంది. అమ్మ తల వంచుకుని పని పూర్తి చేసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గానీ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆమెకు అసహ్యం లేదని, ఇన్నాళ్లూ భయంతో బతికిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత అమ్మ మామూలు మనిషైపోయిందని చెప్పలేను. మిల్లు సైరను మోగితే ఉలిక్కిపడటం ఆమెను చచ్చేదాకా వదల్లేదు. ప్రతి దసరాకూ జ్వరం పట్టినదానిలా మూల పడుకునేది. కానీ శనివారం సాయంత్రం మిల్లు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, నూగు దులుపుకుని, నన్ను పిలిచేది. గోళ్లు అరగదీసేది, ఆ వెంటే జడ కూడా వేసేది. ఏదో ఒకటి మాట్లాడేది. మిల్లులో ఎవరు ఏమన్నారో, నాయన ఎమ్మిగనూరు నుంచి ఎప్పుడొస్తాడో. మా ఇంట్లో మాట మళ్లీ పుట్టింది ఆ శనివారాల్లోనే.

కొన్నేళ్లకు ఒకసారి అమ్మకు ఒళ్లు బాగాలేక పడుకున్నప్పుడు, కాగితం ముక్క కుడిచేత్తో పట్టుకుని గోళ్లు నేనే అరగదీసుకున్నాను. ఏ ఇబ్బందీ లేదు. గిటారు వాయించే ప్రతివాళ్లూ ఎవరి గోళ్లు వాళ్లే చేసుకుంటారు, సారు కూడా అంతే. మరి పాపతో అయ్యే పని కాదని అమ్మతో ఎందుకన్నారని ఆ ఆదివారం ఆయన్ని అడిగేశాను. అప్పటికి ఆయన దగ్గుతో మెట్లెక్కలేక గోదాము అరుగు మీదే పాఠం చెప్పేవారు. ఊపిరి తీసుకుని, మీ అమ్మకు సెప్పినావా అని అడిగారు. లేదన్నాను. సెప్పొద్దు పాపా అన్నారు. ఆ వేసవిలోనే ఆయన పోయారు. మేమిద్దరం మొదలుపెట్టిన పాఠం సగంలోనే ఆగింది. తిప్పి బిగించిన గిటారుతో ఆ మిగతా సగం నాకు నేనే తడుముకుంటూ నేర్చుకోవలసి వచ్చింది, ఇప్పటికీ దాన్ని నేను సరిగా వాయించలేను.

అమ్మకు నేను చెప్పలేదు. కళ్లకు శుక్లాలొచ్చి ఏమీ కనబడని రోజుల్లో కూడా ఆమె తడిమి తడిమి నా గోళ్లు నునుపు చేసేది. గరుకు ఉందేమోనని చివర్న తన పెదవికి ఆనించి చూసుకునేది. పోయేముందు వారం కూడా చేసింది.

ఇప్పుడు అదే పాఠశాలలో నేను పిల్లలకు గిటారు చెబుతున్నాను. నాకూ అరవై దాటాయి. నిరుడు ఎమ్మిగనూరు నుంచి ఒకాయన తన కూతుర్ని తీసుకొచ్చాడు. తండ్రి ఆటో నడుపుతాడు. ఆ ఆటోనే బోల్తా పడి పిల్ల ఎడమకాలు వంగకుండా పోయింది. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన మెట్ల కిందికి పోయి నిలబడేవాడు, పాఠం అయ్యేదాకా పైకి తొంగి చూసేవాడు కాదు. నేను రెండు వారాలు చూసి, మూడో వారం ఆయన్ని పిలిపించాను. పిల్ల కాలు పీట మీద పెట్టలేదు కదా, గిటారు జారిపోతా ఉంది, వెనక నిలబడి మెడ దగ్గర ఎవరైనా పట్టుకుంటేనే వాయించగలదు అని చెప్పాను. ఆయన వచ్చి పట్టుకున్నాడు. మొదటి రోజు ముఖం పక్కకు తిప్పుకునే పట్టుకున్నాడు. ఇప్పుడు పిల్ల వేళ్ల వైపే చూస్తూ పట్టుకుంటున్నాడు. పోయిన వారం తండ్రీకూతుళ్లు ఏదో మాటకు మెల్లగా నవ్వుకోవడం నా చెవిన పడింది.

ఆ పిల్ల తొడ మీద చిన్న దిండు పెడితే గిటారు తనంతట తానే నిలబడుతుంది. ఆ సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు.